ఇసుక మడుల నుంచి స్పంజి దాకా: వికారాబాద్, తాండూరు నీళ్లలో వడపోత చరిత్ర

అనంతగిరి కొండల తూర్పు వాలున కురిసిన వాన మూసీగా మారి హైదరాబాద్ వైపు సాగితే, పడమటి వాలున కురిసిన వాన వాగులై కాగ్నాలో కలిసి, తాండూరు మీదుగా కర్ణాటకలోకి దిగి భీమా నదిని చేరుతుంది. రెండు ప్రవాహాలూ చివరికి కృష్ణలోనే కలుస్తాయి గానీ, దారిలో అవి ఒరుసుకునే రాళ్లు వేరు కావడం వల్ల వాటి గుణం కూడా వేరుగానే ఉంటుంది. వికారాబాద్ చుట్టూ ఉన్న నేల పూర్వకాలపు లావా గట్టిపడి ఏర్పడిన నల్లరాయి కాగా, దానిపైన చాలాచోట్ల లాటరైట్ అనే ఎర్రటి, గుల్లబారిన పొర కప్పి ఉంటుంది. తాండూరుకు వెళ్లేసరికి అది సున్నపురాయి సీమ అవుతుంది. నీలం, పసుపు ఛాయల్లో పలకలు పలకలుగా విడివడే ఈ రాయి తెలుగు ఇళ్ల నేలలకు ఎప్పటినుంచో పరుపుబండగా వెళుతోంది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు గుల్బర్గా జిల్లాలోని తాండూరు, కొడంగల్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు, మిగతా ప్రాంతం మైసూరు రాష్ట్రానికి పోయాయి. అయితే ఆ గీతకు ఇవతలి గనిలోనూ అవతలి గనిలోనూ దొరికేది ఒకే రాయి, తోడుకునేది ఒకే రకం నీరు.

ఆ రాళ్ల సందుల్లోంచి ఊరే బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా కరిగి ఉంటాయి. అటువంటి నీటిని శాస్త్ర గ్రంథాలు కఠిన జలం అంటాయి. జనం ఉప్పునీళ్లు అని తేల్చేస్తారు. సబ్బు నురగ రాకపోవడం, కాచిన గిన్నెకు తెల్లటి పొలుసు పట్టడం దాని గుర్తులు. ఈ నీటితోనే ఇంట్లో చేపల తొట్టి పెట్టుకునే వారు ఎంత ఖరీదు ఫిల్టరు కొనాలన్న ప్రశ్నను సాధారణంగా దుకాణంలో, ధరల చీటీ చూస్తూ వేసుకుంటారు. ఈ ప్రాంతం వరకు ఆ ప్రశ్నకు జవాబు ధరలో కంటే నీటిలోనే ఎక్కువగా ఉందని, ఆ జవాబులో సగం నూరేళ్ల కిందటి నగర నీటి సరఫరా చరిత్రలోనే దొరుకుతుందని చూపవచ్చు.

కుళాయిలు రాక ముందు తెలుగు ఇళ్లలో నీటిని తేర్చుకునే పద్ధతులు చవకైనవే, కానీ వాటి వెనుక ఉన్న తర్కం తక్కువది కాదు. చిల్లగింజను కుండ లోపలి అంచుకు అరగదీస్తే, అందులోంచి వెలువడే జిగురు పదార్థం నీటిలో తేలాడే మట్టి రేణువులను ఒకదానితో ఒకటి అంటించి బరువెక్కించి అడుగుకు దించుతుంది. పటిక చేసేదీ ఇదే పని. తర్వాతి కాలంలో పాఠ్యపుస్తకాల దాకా ఎక్కిన మూడు కుండల వడపోతలో బొగ్గు, ఇసుక, కంకర పొరలుగా పరిచి నీటిని ఒక కుండలోంచి మరో కుండలోకి చుక్కలు చుక్కలుగా దింపేవారు. తాండూరు బండల పాలిషింగ్ యూనిట్లలో ఈనాటికీ కనిపించేది ఈ తేర్పు పనే: రాతిని నునుపు చేసేటప్పుడు పాలలా తెల్లబడిన నీరు గుంతల్లోకి పోయి నిలిచి, పొడి అడుగుకు దిగాక, పైన తేరిన నీరు మళ్లీ యంత్రానికి ఎక్కుతుంది. ఇవన్నీ కంటికి కనిపించే మురికిని వేరుచేసే పద్ధతులు. కంటికి కనిపించని దాని సంగతి వేరే కథ.

ఆ కథలో మూసీకి పెద్ద భాగమే ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తిన తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనల మీద మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఉస్మాన్‌సాగరే నగరానికి మంచినీటి చెరువు కూడా కావడంతో, అనంతగిరి వాలుల వాన కాలువ దారిన ఆసిఫ్‌నగర్‌కు చేరి, అక్కడి ఇసుక వడపోత మడుల్లోంచి నగరపు కుళాయిల్లోకి దిగింది.

ఇసుక మడి ఎలా పనిచేస్తుందో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే చేపల తొట్టి ఫిల్టరు అర్థమయ్యేది ఇక్కడే. అడుగున కంకర, దానిపైన సుమారు మీటరు మందాన సన్నటి ఇసుక, ఆపైన ఇంచుమించు మీటరు లోతున నిలిచిన నీరు: నిర్మాణం ఇంతే. నీరు గంటకు పది ఇరవై సెంటీమీటర్ల చొప్పున, అంటే దాదాపు కదలనట్టే, కిందికి ఇంకుతుంది. కొన్ని రోజులు గడిచేసరికి ఇసుక పైభాగాన నాచు, బాక్టీరియా, సూక్ష్మజీవులు కలిసిన పలుచటి జిగురు పొర కడుతుంది. మొదట్లో ఇంజనీర్లు ఈ పొరను మురికిగానే భావించారు. అసలు శుద్ధి జరిగేది అందులోనేనని తెలియడానికి కాలం పట్టింది. లండన్‌లో జేమ్స్ సింప్సన్ 1829లో చెల్సీ నీటి సంస్థ కోసం ఇటువంటి మడులు కట్టినప్పుడు ఆయన ఉద్దేశం నీరు తేటపడటమే. 1892లో హాంబర్గ్ నగరాన్ని కలరా పట్టి ఎనిమిది వేలకు పైగా ప్రాణాలు తీసినప్పుడు, అదే ఎల్బే నది నీటిని ఇంకా దిగువన తోడుకుంటున్నా ఇసుకలో వడకట్టి వాడిన పక్క పట్టణం ఆల్టోనాలో మరణాలు బాగా తక్కువగా ఉండటంతో, ఇసుక మడి విలువ లోకానికి తెలిసివచ్చింది. ఇటువంటి మడి మూసుకుపోయినప్పుడు పై ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుకను మాత్రమే చెక్కి తీస్తారు. ఆ తర్వాత పొర మళ్లీ కట్టే దాకా దాని నీటిని సరఫరాలోకి వదలరు.

చేపల తొట్టి చరిత్ర దీనికి సమాంతరంగా, కానీ చాలాకాలం దీనితో సంబంధం లేకుండా నడిచింది. లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లో గాజు పాత్రలో గోల్డ్ ఫిష్, నీటి మొక్కలు, నత్తలు కలిపి పెంచి, చేప వదిలే బొగ్గుపులుసు వాయువును మొక్క తీసుకుని ప్రాణవాయువును ఇస్తుందని, ఈ సమతూకం కుదిరితే నీరు మార్చనక్కర్లేదని ప్రతిపాదించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాల చేపల గృహాన్ని తెరవడం, మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకం వెలువడటంతో ఇంగ్లండులో ఇది ఇంటింటి వేడుకగా మారింది. భారతదేశంలో ప్రజలు టిక్కెట్టు కొని చూసిన తొలి అక్వేరియం 1909లో మద్రాసు సముద్రతీరాన తెరుచుకుంది. అప్పటి తెలుగు జిల్లాల్లో అనేకం మద్రాసు ప్రెసిడెన్సీ కిందివే.

వారింగ్టన్ సమతూకంలో ఒక లోపముంది. చేప విసర్జించేది వాయువు ఒక్కటే కాదు, అమ్మోనియా కూడా. అది కొద్దిపాటి మోతాదులోనే చేపలకు విషం. 1877లో ష్లోసింగ్, మ్యూన్ట్స్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు మురుగునీటిని ఇసుక గొట్టంలోంచి దింపి, అమ్మోనియా నైట్రేటుగా మారడం సూక్ష్మజీవుల పనేనని చూపారు. ఈ మార్పు రెండు మెట్లుగా, రెండు వేర్వేరు జీవుల చేత జరుగుతుందని, మొదటి మెట్టులో అమ్మోనియా నైట్రైటు అవుతుందని, రెండో మెట్టులో అది తక్కువ హానికరమైన నైట్రేటు అవుతుందని తేల్చిన పరిశోధకుల్లో ముఖ్యుడు ఇంకెవరో కాదు, అక్వేరియం వారింగ్టన్ కొడుకే. అతని పేరూ రాబర్ట్ వారింగ్టనే. తండ్రి తొట్టిలో ఏం జరుగుతున్నదో కొడుకు పొలం మట్టిలో కనుక్కున్నాడన్నమాట. 1890లో వినోగ్రాడ్‌స్కీ ఆ బాక్టీరియాను విడిగా పెంచి చూపాడు. 2015లో ఈ రెండు మెట్లనూ ఒంటిచేత్తో పూర్తిచేసే నైట్రోస్పైరా జాతి ఒకటి బయటపడింది. దాన్ని పట్టుకున్న చోట్లలో చేపల పెంపక వ్యవస్థకు అమర్చిన వడపోత పరికరం ఒకటి.

ఈ జ్ఞానం ఇళ్లలోని తొట్టెలకు చేరడం ఇరవయ్యో శతాబ్దపు మాట. మొదట గాలి మోటారుతో నడిచే చిన్న ప్లాస్టిక్ పెట్టె వచ్చింది. అందులో దూది లాంటి ఫైబరు, బొగ్గు నింపేవారు. తర్వాత తొట్టి అడుగు కంకరనే వడపోత మడిగా మార్చిన జల్లెడ పలక, ఆపైన స్పంజి ఫిల్టరు వచ్చాయి. స్పంజి ఫిల్టరులో కదిలే భాగమంటూ ఏమీ ఉండదు: గొట్టంలో పైకి లేచే గాలి బుడగలు తమతోపాటు నీటిని లాక్కుపోతుంటే, ఆ ఖాళీని నింపడానికి తొట్టి నీరు స్పంజి రంధ్రాల్లోంచి దూరుతుంది. తొట్టి అంచుకు వేలాడుతూ నీటిని జలపాతంలా తిరిగి పోసేవి, మోటారును నీటిలోనే ముంచి నడిపేవి మధ్యస్థం. పైమెట్టున ఉండేది కానిస్టరు, అంటే తొట్టి కింది అరలో పెట్టే మూతబిగించిన డబ్బా. రెండు గొట్టాల ద్వారా నీటిని లాగి, లోపలి అరల్లోని స్పంజి, పింగాణీ ముక్కల గుండా నడిపి పైకి పంపుతుంది. జర్మనీకి చెందిన ఐహైమ్ సంస్థ 1960 దశకంలో దీనికి ప్రచారం తెచ్చింది. తెలుగు పట్టణాల దుకాణాల్లో స్పంజి ఫిల్టరు రెండు మూడు వందలకు దొరికితే, దిగుమతి కానిస్టరు పది వేలు దాటుతుంది.

ఇంత తేడాకు ప్రతిఫలంగా కొనుగోలుదారు పొందేది ఎక్కువ చోటు, తక్కువ చప్పుడు, తొట్టిలో కనిపించని యంత్రం. బాక్టీరియా మాత్రం రెండింటిలోనూ ఒకటే. ఆసిఫ్‌నగర్ ఇసుకలో బతికినదీ ఆ కోవకు చెందినదే. అది ధర చూసి చేరదు, అంటుకోవడానికి గరుకైన చోటు, ప్రాణవాయువు, ఆహారం ఉంటే చేరుతుంది.

తాండూరు నీరు ఇక్కడ రెండు విధాలుగా పనిచేస్తుంది. క్షారగుణం పెరిగే కొద్దీ అమ్మోనియాలో విషపూరితమైన రూపం వాటా పెరుగుతుంది: 25 డిగ్రీల వేడిమి దగ్గర, పీహెచ్ 7 ఉన్న నీటిలో అది సుమారు 0.6 శాతం కాగా, పీహెచ్ 8 వద్ద 5 శాతం దాటుతుంది. సున్నపు నీరు పీహెచ్‌ను పైకే పట్టి ఉంచుతుంది కాబట్టి, వడపోత సరిగా కుదరని తొట్టిలో చేపలు మెత్తటి నీటిలో కంటే ఇక్కడే త్వరగా దెబ్బతింటాయి. దీనికి మరో పార్శ్వముంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేటుగా మార్చడానికి సున్నపు లెక్కలో సుమారు ఏడు గ్రాముల క్షారత ఖర్చవుతుంది. మెత్తటి నీటిలో ఆ నిల్వ అయిపోతే పీహెచ్ పడిపోయి బాక్టీరియా పని మందగిస్తుంది. తాండూరు నీటిలో ఆ కొరత రాదు. గప్పీలు, మోలీలు అటువంటి నీటినే ఇష్టపడతాయి కూడా. నియాన్ టెట్రా, డిస్కస్ వంటి అమెజాన్ చేపలకు మాత్రం అది పడదు.

అదే సున్నం యంత్రానికి శత్రువు. నీరు చిందే చోట, ఆవిరయ్యే చోట, మోటారులో అయస్కాంతపు చక్రం తిరిగే ఇరుసు చుట్టూ తెల్లటి పొలుసు కడుతుంది. కొన్ని నెలలకు చక్రం బిగిసి మోటారు కీచుమంటుంది లేదా ఆగిపోతుంది. వాడి జంక్షన్ నుంచి హైదరాబాద్‌కు 1874లో రైలుమార్గం వేసినది ఈ సున్నపురాయి సీమ గుండానే. ఆవిరి ఇంజన్ల యుగంలో కఠిన జలం బాయిలరు గొట్టాలకు చేసిన చేటు, ఇక్కడ అరచేతిలో ఇమిడే యంత్రానికి జరుగుతుంది. ఖరీదైన ఫిల్టర్లలో చాలావరకు పింగాణీ ఇరుసు ఉంటుంది గనుక అది తుప్పు పట్టదు, కానీ సున్నం దానికీ పడుతుంది. వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో నానబెట్టి కడగడమే దారి. స్పంజి ఫిల్టరుకు ఇరుసే లేదు.

కరెంటు సంగతి కూడా ఈ చరిత్రలో భాగమే. గంటల తరబడి కోతలు మామూలైన ఏళ్లలో కానిస్టరు వాడకందార్లు నేర్చుకున్నదేమిటంటే, మూసిన డబ్బాలో నీరు ఆగిపోతే అందులోని ప్రాణవాయువు కొద్ది గంటల్లోనే హరించుకుపోయి బాక్టీరియా దెబ్బతింటుందని, కరెంటు రాగానే ఆ కుళ్లిన నీరు నేరుగా తొట్టిలోకి దూకుతుందని. స్పంజి తొట్టి నీటిలోనే ఉంటుంది కాబట్టి ఆ ముప్పు తక్కువ, పైగా బ్యాటరీ గాలి మోటారుతో దాన్ని నడుపుకోవచ్చు. 5 వాట్ల గాలి మోటారు నెలంతా ఆగకుండా తిరిగితే 3.6 యూనిట్లు, 20 వాట్ల కానిస్టరు 14.4 యూనిట్లు కాలుస్తాయి.

2016లో మొదలైన తెలంగాణ తాగునీటి పథకం మిషన్ భగీరథ శుద్ధిచేసిన నీటిని ఇళ్లకు తెచ్చాక, బోరునీటి సున్నం బెడద తగ్గిన చోట క్లోరిన్ వచ్చి చేరింది. కుళాయి కింద పట్టి స్పంజిని కడిగితే, కలరా క్రిములను చంపడానికి వేసిన మందు నెల రోజులు పెరిగిన బాక్టీరియాను కూడా చంపుతుంది. బకెట్లో రాత్రంతా నిలబెట్టిన నీటిలో గానీ, తొట్టిలోంచే తోడిన నీటిలో గానీ పిండుకోవాలన్న నియమం అందుకే పుట్టింది; ఇసుక మడిని పైపైనే చెక్కాలన్న పాత ఇంజనీర్ల పద్ధతికీ దీనికీ కారణం ఒక్కటే.

ఇన్ని లెక్కల తర్వాత, అరవై లీటర్ల తొట్టిలో గప్పీలు పెంచే తాండూరు ఇంటికి కానిస్టరు అనవసరపు ఖర్చనే చెప్పాలి. రెండు స్పంజి ఫిల్టర్లు పెట్టి, వాటిని ఒకేసారి కాక వంతులవారీగా కడుక్కుంటే చాలు. పెద్ద గోల్డ్ ఫిష్‌లు, రెండు మూడు వందల లీటర్ల తొట్టి, చప్పుడు పనికిరాని గది ఉన్నవారికి ఖరీదైనది న్యాయమే. అయితే ఏది కొన్నా బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి, ఫిల్టరు, చేపలు ఒకే సాయంత్రం అమ్మే దుకాణాల్లో ఈ మాట అరుదుగా వినిపిస్తుంది. తొలి నెలలో చేపలు చనిపోతే వాడకందారు తప్పుపట్టేది ఫిల్టరు ధరనే, ఆ తర్వాత కొనేది అంతకంటే ఖరీదైనదాన్నే.