వైద్యుల నమోదు పట్టిక: జాప్యానికి చారిత్రక మూలాలు

వైద్యుడి అర్హతలను ధ్రువీకరించే ప్రక్రియ ఎందుకు ఆలస్యమవుతుందని అడిగితే సిబ్బంది చాలరనీ, కాగితాలు ఎక్కువనీ సమాధానం వస్తుంది. రెండూ నిజమే కావచ్చు. అయితే నమోదు చట్టాల చరిత్రను పరిశీలిస్తే అంతకంటె లోతైన కారణం ఒకటి కనిపిస్తుంది. ఒక అధికారి నిర్ధారించిన విషయాన్ని మరొక అధికారి నమ్మడు. నమ్మదగినంత శ్రద్ధతో ఆ పట్టికను దిద్దే బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉండదు.

సుశ్రుతసంహిత సూత్రస్థానంలో పదవ అధ్యాయం పేరు విశిఖానుప్రవేశనీయం. విశిఖ అంటే ఇక్కడ వైద్యుడు వృత్తి సాగించే వీథి. అందులో అడుగుపెట్టదలచినవాడు శాస్త్రం చదివి, అర్థం గ్రహించి, చికిత్సాకర్మలను కళ్లారా చూసి, స్వయంగా అభ్యసించి, రాజానుజ్ఞ పొంది ఉండాలి. అంతకుముందు అధ్యాయమే బూడిదగుమ్మడి, సొర, దోస వంటి కాయలమీద కోతలు అభ్యసించడాన్ని బోధిస్తుంది. కువైద్యుడు జనాన్ని చంపుతున్నాడంటే అది రాజదోషమని అదే గ్రంథం మరొకచోట నిర్ణయించింది. గ్రంథంలోని ఆదర్శాన్ని ఆచరణగా భావించరాదు గాని, దాని తర్కం గమనార్హం: అనుజ్ఞ ఇచ్చేవాడే దాని ఫలితానికీ బాధ్యుడు.

ఆధునిక నమోదుకు మూలం 1858 నాటి బ్రిటిష్ వైద్యచట్టం. అప్పటికి ఆ దేశంలో వైద్యులకు లైసెన్సులిచ్చే సంస్థలు 19. కొన్నిటి అధికారం ఒక్కొక్క ప్రాంతానికే పరిమితం. ఈ గందరగోళం నడుమ అర్హుడెవరో, అనర్హుడెవరో రోగి గుర్తించగలగాలన్నది చట్టం ప్రకటించుకున్న లక్ష్యం. ఒకే పట్టిక ఏర్పడింది. అందులో పేరున్నవాడు రాణి ఏలుబడిలో ఎక్కడైనా వృత్తి సాగించవచ్చు. చరిత్రకారులు సాధారణంగా ఇక్కడితో ఆగుతారు. మన చర్చకు ముఖ్యమైనవి మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోని రెండు సెక్షన్లు. 14వ సెక్షన్ ప్రకారం మరణించినవారి పేర్లు తొలగించడం రిజిస్ట్రారు విధి. వృత్తి మానుకున్నారా, చిరునామా మారిందా అని అతడు ఏ వైద్యునికైనా ఉత్తరం రాయవచ్చు. ఆరు నెలల్లో జవాబు రాకపోతే పేరు కొట్టివేయవచ్చు. 45వ సెక్షన్ ప్రకారం వైద్యుడెవరైనా మరణించినట్లు తెలిసిన వెంటనే స్థానిక మరణాల రిజిస్ట్రారు ఆ ధ్రువపత్రాన్ని తపాలాలో పంపాలి. పట్టికను ఇలా నిత్యం దిద్దే ఏర్పాటు ఉంది గనుకనే దానిని చూసినవాడు మళ్లీ పట్టాలు అడగనక్కరలేదు.

ఈ నమూనా మనదేశానికి ముక్కలుగా వచ్చింది. బొంబాయి చట్టం 1912లో, బెంగాల్, మద్రాసు చట్టాలు 1914లో వచ్చాయి. ఆంధ్రజిల్లాల వైద్యులు మద్రాసు పట్టికలో చేరారు. రాష్ట్రానికొక పట్టిక చొప్పున పెరిగాక, బ్రిటిష్ మండలి 1930లో భారతీయ వైద్యపట్టాల గుర్తింపును ఉపసంహరించుకుంది. దాని పర్యవసానమే 1933 నాటి భారత వైద్యమండలి చట్టం.

తెలుగులో పట్టా అన్న మాట భూమి హక్కు పత్రానికీ, విశ్వవిద్యాలయం ఇచ్చే డిగ్రీకీ ఒక్కటే కావడం యాదృచ్ఛికమే అయినా అర్థవంతం. రెండింటిలోనూ అనుభవంలో ఉన్నది ఒకటి, కాగితంలో ఉన్నది మరొకటి కావచ్చు. భీమవరంలో 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారనీ, అందుచేతనే ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. దక్కిందనీ జీవితచరిత్రకారులు రాశారు. కాగితం దిగువన ఉన్న సంతకం వెనుక ఏం జరిగిందో ఏ పట్టికా నమోదు చేయదు. ధ్రువీకరణ ఎంత వేగంగా సాగినా ఈ లోపాన్ని సరిదిద్దలేదు. దానిని ధ్రువీకరణ నుండి ఆశించడమే పొరపాటు.

స్వాతంత్ర్యానంతరం వచ్చిన 1956 చట్టం రెండు పరస్పరవిరుద్ధమైన పనులు చేసింది. భారత వైద్యపట్టికలో పేరున్నవాడు దేశంలో ఏ ప్రాంతంలోనైనా వృత్తి సాగించవచ్చని 27వ సెక్షన్ చెప్పింది. ఆ పట్టికను మాత్రం రాష్ట్ర పట్టికల నుండి కూర్చవలసిందిగా విధించింది. ప్రతి రాష్ట్రమండలీ ఏటా ఏప్రిల్ 1 తరువాత తన పట్టిక ముద్రిత ప్రతులు ఆరింటిని పంపాలి. మార్పులను ఎప్పటికప్పుడు తెలియజేయాలి. మూలం రాష్ట్రంలో, ప్రతి ఢిల్లీలో. ప్రతిని నమ్మి మూలాన్ని వదులుకోవడానికి ఏ రాష్ట్రమూ సిద్ధపడలేదు. రాష్ట్రం మారిన వైద్యుడు పాత మండలి నుండి నిరభ్యంతరపత్రం తెచ్చుకుని కొత్త మండలిలో నమోదు చేసుకోవడం ఆనవాయితీ అయింది. రాష్ట్ర విభజన తరువాత విజయవాడ, హైదరాబాదుల నడుమ కూడా అంతే.

2019 నాటి చట్టం జాతీయ వైద్యకమిషన్‌ను ఏర్పరచి, ఎలక్ట్రానిక్ రూపంలో జాతీయ పట్టికను విధించింది. దాని పోర్టల్ 2024 ఆగస్టు 23న ప్రారంభమైంది. అప్పటికే నమోదైన వైద్యులు కూడా మళ్లీ నమోదు చేసుకోవాలన్నారు. ఆధార్‌తో పాటు పట్టా ప్రతిని, రాష్ట్రమండలి ఇచ్చిన నమోదు పత్రాన్ని జతచేస్తే, ఆ దరఖాస్తు పరిశీలన కోసం ముందుగా వెళ్లేది ఆ పత్రాన్ని ఇచ్చిన రాష్ట్రమండలికే. అక్కడి నుండి పట్టా ఇచ్చిన విద్యాసంస్థకు, ఆ పిదప కమిషన్‌కు చేరుతుంది.