రోగనిరోధక శక్తికి మెదడు పగ్గాలు

గుజరాత్‌లోని సూరత్‌ నగరం, బమ్రోలి ప్రాంతంలో మరమగ్గాలు రేయింబవళ్లు నడుస్తాయి. తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలెన్నో సూరత్‌లో స్థిరపడ్డాయి. గంటల తరబడి నిలబడి పనిచేసేవారికి కీళ్ల నొప్పులు కొత్త కాదు. అయితే ఉదయం లేవగానే చేతివేళ్లు బిగుసుకుపోయి అరగంటకు పైగా సడలకపోయినా, కీళ్ల వాపు వారాల తరబడి తగ్గకపోయినా అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. రక్షించవలసిన రోగనిరోధక వ్యవస్థే సొంత శరీరంపై దాడి చేసే స్వయం ప్రతిరక్షక వ్యాధుల్లో ఇది ఒకటి. ఈ దాడిని అదుపు చేసే యంత్రాంగం కొంత మెదడులో ఉంది.

కార్టిసాల్ మార్గం

శరీరంలో వాపు మొదలైనప్పుడు రోగనిరోధక కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-1 వంటి రసాయనాలు మెదడులోని హైపోథాలమస్‌ను ప్రేరేపిస్తాయి. దాని ఆదేశంతో పీయూష గ్రంథి, ఆపై అడ్రినల్ గ్రంథులు ఉత్తేజితమై కార్టిసాల్ హార్మోన్ వెలువడుతుంది. అది వాపును తగ్గిస్తుంది. రక్తంలో కార్టిసాల్ తగినంత చేరగానే మెదడులోని గ్రాహకాలు దానిని గుర్తించి ఉత్పత్తిని నియంత్రిస్తాయి.

1989లో అమెరికాలో ఎస్థర్ స్టెర్న్‌బర్గ్ బృందం రెండు జాతుల ఎలుకలను పరిశీలించింది. హైపోథాలమస్ మందకొడిగా స్పందించే లూయిస్ జాతికి కీళ్ల వాపు తీవ్రంగా వచ్చింది. ఫిషర్ జాతి తట్టుకుంది. కార్టిసాల్ తరహా హార్మోన్ల గ్రాహకాలను మందుతో అడ్డుకోగానే ఫిషర్ ఎలుకలూ తీవ్రంగా జబ్బుపడ్డాయి.

నాడి మార్గం

మెదడు నుంచి ఉదరం వరకు సాగే వేగస్ నాడి ద్వారా మరో అదుపు ఉంది. ఈ నాడీ సంకేతాల ఫలితంగా ఎసిటైల్‌కోలిన్ వెలువడి, రోగనిరోధక కణాలపై ఉండే ఆల్ఫా-7 గ్రాహకానికి చేరి వాపు రసాయనాల విడుదలను తగ్గిస్తుందని కెవిన్ ట్రేసీ బృందం 2003లో వెల్లడించింది. వేగస్ నాడిని ప్రేరేపించే పరికరానికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ చికిత్స కోసం అమెరికా 2025లో ఆమోదం తెలిపింది.

మానసిక ఒత్తిడి రుగ్మతలున్నవారిలో స్వయం ప్రతిరక్షక వ్యాధులు ఎక్కువని 2018లో స్వీడన్ అధ్యయనం తెలిపింది. ఒత్తిడే కారణమని దీనితో నిర్ధారణ కాదు.

స్టెరాయిడ్లతో జాగ్రత్త

స్టెరాయిడ్ మాత్రలు పనిచేసేది కార్టిసాల్ గ్రాహకాల ద్వారానే. వారాల తరబడి వాడితే మెదడు కార్టిసాల్ చాలినంత ఉన్నట్లు గ్రహించి, శరీరంలో సహజ ఉత్పత్తిని తగ్గిస్తుంది. ఆ స్థితిలో మాత్రలను హఠాత్తుగా మానితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. వైద్యుని సలహా లేకుండా వాటిని వాడడం, మానడం రెండూ ప్రమాదకరమే. వ్యాధిని తొలి నెలల్లోనే గుర్తించి చికిత్స ఆరంభిస్తే కీళ్లు వంకర పోకుండా కాపాడుకునే అవకాశం ఎక్కువ.