పాళెం వెలుపల, ఊరి వెలుపల

దుర్గి చుట్టుపక్కల వెలివాడల్లో కుష్ఠురోగి కథ కొత్తది కాదు. లూథరన్ మిషనరీ హేయర్ 1849లో గురజాల చేరినప్పట్నించీ పల్నాడు మాల మాదిగలు వింటున్న సువార్తలోదే. యూదుల చట్టం క్రూరమైంది, యేసు దాన్ని కొట్టేశాడు అని ప్రసంగాల్లో చెబుతుంటారు. అది సరికాదంటాం మేము.

లేవీయకాండం 13, 14 అధ్యాయాలు చూడండి. అక్కడ కుష్ఠు అన్నది 1873లో హాన్సెన్ క్రిమిని కనుక్కున్న జబ్బు ఒక్కటే కాదు, బట్టలకూ ఇంటి గోడలకూ పట్టే పొడ కూడా. యాజకుడు చూస్తాడు, ఏడు రోజులు వేరుగా ఉంచుతాడు, మళ్లీ చూస్తాడు. పొడ పోతే మనిషి పాళెంలోకి తిరిగొస్తాడు. మరి మనల్ని ఏ పొడ చూసి వెలివేశారు? ఏడు రోజులు కాదుగదా, ఏడు తరాలైనా మళ్లీ చూసేవాడు లేడు. పుట్టుకే పొడ!

మార్కు సువార్తలో ఆ రోగి అడిగింది శుద్ధుణ్ణి చెయ్యమని. యేసు ముందు ముట్టుకున్నాడు, తర్వాత మాట్లాడాడు. మోషే చెప్పినట్టే యాజకుడికి కనపడమని పంపాడు కూడా.

మిషన్ బడి పెట్టింది, ఆస్పత్రి పెట్టింది, మంచిదే. వెలివాడను మాత్రం ఉన్నచోటే ఉంచి అందులోనే గుడి కట్టింది. బాగుపడినవాడు సంగతి చాటేసరికి యేసు ఊళ్లోకి బాహాటంగా వెళ్లలేక వెలుపలే ఉండిపోయాడని మార్కు రాశాడు. ఆ మాట మీద ప్రసంగం మేమింతవరకు వినలేదు.