1.4 దగ్గరే ఆగిపోకండి: జంట నక్షత్రాల పేలుడు, కంప్యూటర్ లెక్కలు

చంద్రశేఖర్ అవధి ఎంత అంటే మీరు తడుముకోకుండా చెప్పేస్తారు: సూర్యుడి ద్రవ్యరాశికి 1.4 రెట్లు. 1930లో ఇంగ్లండ్ వెళ్లే ఓడలో పంతొమ్మిదేళ్ల కుర్రాడు వేసిన లెక్క, 1983లో నోబెల్. తర్వాతి వాక్యమూ మనకు కంఠతానే: శ్వేత కుబ్జం పక్క నక్షత్రం నుంచి పదార్థం లాక్కుని ఆ అవధికి చేరగానే టైప్ 1ఏ సూపర్నోవాగా పేలుతుంది. ఈ రెండో వాక్యాన్నే కాస్త అనుమానంగా చదవండి.

1960లో హాయిల్, ఫౌలర్ ఇచ్చిన ఆలోచన ఇది. శ్వేత కుబ్జంలో వేడి పెరిగినా పీడనం పెద్దగా పెరగదు. కాబట్టి కార్బన్ అంటుకుంటే నక్షత్రం వ్యాకోచించి చల్లబడదు, మంట అదుపు తప్పుతుంది. సరే, ఆ మంట ఎంత వేగంతో పాకుతుంది? 1969లో డేవిడ్ ఆర్నెట్ ధ్వని కంటే వేగంగా పాకే మంటను లెక్కించాడు. నక్షత్రం దాదాపు మొత్తం ఇనుము వర్గపు మూలకాలుగా మారిపోయింది. కానీ అసలు సూపర్నోవాల వర్ణపటంలో సిలికాన్, కాల్షియం కనిపిస్తాయి!

1984లో నొమోటో బృందం 'డబ్ల్యూ7' నమూనాలో మంటను ధ్వని కంటే నెమ్మదిగా నడిపింది. బయటి పొరలు ముందే వ్యాకోచించి సగమే కాలాయి, సిలికాన్ మిగిలింది. అయితే ఆ వేగం ప్రకృతి చెప్పింది కాదు, పరిశీలనలకు సరిపోయేలా ఎంచుకున్నది. 1991లో ఖోఖ్లోవ్ రెండూ కలిపాడు: మొదట నెమ్మది, తర్వాత విస్ఫోటం. మెకానికల్ వాళ్లకు ఇంజిన్ నాకింగ్ గుర్తొస్తుంది. అసలు చిక్కు కొలతల్లో ఉంది. నక్షత్రం వేల కిలోమీటర్లు, గర్భంలో మంట మందం మిల్లీమీటరు కంటే తక్కువ. రెంటినీ ఒకే గ్రిడ్‌లో పట్టే కంప్యూటర్ లేదు.

2010లో పాక్మోర్ బృందం రెండు శ్వేత కుబ్జాలను ఢీకొట్టించి చూసింది. ఒక్కొక్కటి 0.9 సౌర ద్రవ్యరాశులు, ఏదీ 1.4 దగ్గరకైనా రాలేదు. అయినా పేలింది, కాకపోతే మసకగా.

ఇది మనకెందుకంటే, విశ్వ విస్తరణ వేగం పెరుగుతోందని 1998లో తేల్చింది (2011 నోబెల్) ఈ సూపర్నోవాలను దూరపు కొలబద్దగా వాడే. ఆ ఫలితం తప్పని కాదు; వెలుగు తగ్గే తీరును బట్టి ప్రకాశాన్ని సరిచేసుకుంటారు. "అన్నీ ఒకే ద్రవ్యరాశి వద్ద పేలతాయి, కాబట్టి ఒకే వెలుగు" అని మాత్రం మెయిన్స్‌లో రాయకండి.

2011లో ఎం101 గెలాక్సీలో ఇలాంటిదే ఒకటి పేలింది. పేలకముందు హబుల్ తీసిన చిత్రాల్లో ఆ చోటు వెతికారు. మన పుస్తకాల బొమ్మలో పక్కన ఉండే పెద్ద ఎర్ర నక్షత్రం అక్కడ లేదు.