సిటీ పోలీస్‌కు దక్కని ఆసియా

1955లో యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల కోసం ఒక కొత్త కప్పు పెట్టారు. నెదర్లాండ్స్ నుంచి వెళ్లిన పీఎస్‌వీ ఐండ్‌హోవెన్ మొదటి రౌండ్లోనే ఇంటిదారి పట్టింది. వియన్నాలో రాపిడ్ జట్టు 6-1తో చితక్కొడితే, సొంత ఊళ్లో 1-0తో గెలిచినా ఏం లాభం? అయినా దేశంలో లీగు ఆడుతూనే పరాయి దేశాల క్లబ్బులతోనూ తలపడే అలవాటు డచ్చివాళ్లకు అప్పుడు మొదలైంది. 1970లో ఫెయెనూర్ద్ ఆ కప్పు ఎత్తింది. ఆ తర్వాత అయాక్స్ వరసగా మూడుసార్లు గెలిచింది.

ఆ కప్పు పుట్టేనాటికే మన దగ్గర ఒక జబర్దస్త్ జట్టు ఉంది. దాని పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా ఐదేళ్లు ఇంకొకరి చేతికి పోనివ్వలేదు. 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు ఫైనల్. మొదటి రోజు మోహన్ బగాన్‌తో ఆట తేలలేదు. మళ్లీ ఆడి 1-0తో గెలిచారు. ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే అనుకునే రోజులవి!

ఈ జట్టు వెనకున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి బడిపంతులు. ఎడమ కాలు వాటం లేనివాడికి ఎడమ కాలితోనే ఆడాలని షరతు పెట్టి పోటీలు నడిపేవాడు. డ్రిబ్లింగ్ కూడదు, పాస్ ఇవ్వాల్సిందేనని మరో పోటీ. మా నెల్లూరు జిల్లా జలదంకి, ఉదయగిరి వైపు బంతి అంటే క్రికెట్ బంతే గానీ, ఈ పద్ధతి మా పీఈటీ సార్లకూ పనికొస్తుంది. పైసా ఖర్చు లేదు.

ఇంతటి జట్టు ఆడేందుకు యూరప్ కప్పు లాంటి ఆసియా క్లబ్బుల పోటీ అప్పట్లో లేదు. పరాయి దేశాలతో పరీక్ష జాతీయ జట్టు చొక్కాలోనే రాయాల్సి వచ్చింది. రహీం శిక్షణలో భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. అందులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నారు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చారు. అప్పటికే రహీంకు క్యాన్సర్. 1963 జూన్‌లో పోయాడు. ఆసియా క్లబ్బుల పోటీ మొదలైంది 1967లో.

అరవై ఏళ్లకు ఆసియాలో ఆడే ఆ అవకాశం మన ఊరి కొత్త క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ గుమ్మం దాకా వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోలుతో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపేశాడు. కప్పు మనదే. ఆ గెలుపుతో ఆసియా క్లబ్బుల పోటీ అయిన ఏఎఫ్‌సీ కప్ అర్హత కోసం 2023 మేలో కోళికోడ్‌లో మోహన్ బగాన్‌తో ఆడి, 3-1తో ఓడారు.

తర్వాతి సీజన్లో జీతాలందక విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. జట్టు పట్టికలో అట్టడుగుకు చేరింది. పోలీసు జట్టుకు ఈ బెంగ లేదు. ఆటగాడికి సర్కారు కొలువు, నెల తిరిగితే జీతం. మన ఫుట్‌బాల్‌ను అంతకాలం నిలబెట్టింది ఆ కొలువేనని నా అభిప్రాయం. 2025లో హైదరాబాద్ ఎఫ్‌సీని దేశ రాజధానికి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చారు. దాంతో ఐఎస్‌ఎల్‌లో తెలుగు రాష్ట్రాలకు జట్టు లేకుండా పోయింది.