హారమున దాగిన సంఖ్య

పల్నాటిసీమలో ఒకప్పుడు జొన్నలే ప్రధానాహారము. 1967లో నాగార్జునసాగరు కుడికాలువ పారిన పిదప వరియన్నము హెచ్చినదిగాని, కుంచముతో జొన్నలు కొలిచి పంచుకొనిన తీరు పెద్దలకు తెలియనిది కాదు. కోతకూలీలు కొందఱు 60 కుంచముల జొన్నలను సమముగా పంచుకొనబోవుచుండగా మఱి ముగ్గురు వచ్చి చేరిరనుకొందము. ఒక్కొక్కరి పాలు కుంచము తగ్గెను. మొదట నున్నవారెందఱు? చూపునకిది చిన్నలెక్కయే. కాని యిందు తెలియని సంఖ్య భిన్నమునకు హారమై క్రింద దాగియున్నది.

ఇట్టి లెక్కలు నేటివి కావు. రూకను కొందఱు పంచుకొనగా ఇంకొకడు చేరిన ఒక్కొక్కరి పాలు రూకలో ఆఱవవంతు తగ్గినదను మాదిరి లెక్కను తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదునందు అల్ ఖ్వారిజ్మీ వేసెను. (ఇద్దఱే మొదటివారు, సరిచూచుకొనుడు.) ఆ శతాబ్దిలోనే అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించి, పలుభిన్నముల హారములన్నిటికి సరిపోవు కనిష్ఠసంఖ్యకు ‘నిరుద్ధ’మని పేరిడెను. ఆ గ్రంథమును పదునొకండవ శతాబ్దిలో తెనుగు చేసినవాడే మన పావులూరి మల్లన.

ఇక జొన్నలకు వత్తము. పూర్వులు తెలియని సంఖ్యను యావత్తావత్తు అనిరి. 60ని దానితో భాగించిన మొదటి పాలు, దానికి 3 కలిపి భాగించిన రెండవ పాలు, భేదము 1. రెండు హారములతోను అంతటిని గుణింపగా భిన్నములు తొలగి, ఆ సంఖ్యయొక్క వర్గమునకు దాని మూడింతలు చేర్చిన 180 అగునని తేలును. శ్రీధరాచార్యుని సూత్రము ననుసరించి నాల్గింట గుణించి 9 కలిపిన 729. అది 27కు వర్గము. 27లో 3 తీసి సగము చేయగా 12. పండ్రెండుగురికి అయిదేసి కుంచములు, పదునేనుగురికి నాలుగేసి. ఋణమూలమును గైకొన్నచో −15 వచ్చును. మనుష్యుల లెక్కకు అది పనికిరాదు.

హారమును తొలగించుటలో ఒక గండము కలదు. ఒక సంఖ్యను, అట్లే 3ను, ఆ సంఖ్యకంటె 3 తక్కువైన దానితో భాగింపగా ఫలములు సమానమట. గుణించి హారమును తీసివేసిన 3 అని వచ్చును. కాని అప్పుడు హారము శూన్యము! ఆ లెక్కకు జవాబే లేదు. ఇక్కడ మహామహులే తడబడిరి. 628లో బ్రహ్మగుప్తుడు శూన్యమును శూన్యముచే భాగించిన శూన్యమే యనెను. శూన్యముచే భాగించిన సంఖ్య మాఱదని మహావీరుడనెను. పంచుకొనువారే లేనప్పుడు పంపకమెట్లు జరిగినదో, రాశి యెట్లు చెక్కుచెదరకున్నదో ఆయనయే చెప్పవలెను. 1150లో భాస్కరాచార్యుడు అట్టి రాశిని ఖహరమని పిలిచి అనంతమనెను. నేటి గణితము శూన్యముచే భాగహారమునే అంగీకరింపదు.

కావున దొరికిన సంఖ్యను మొదటి లెక్కలోని హారములందు నిలిపి చూచుట ఆచారము. జొన్నల లెక్కలో ఆ హారములు 12, 15. రెంటిలో నొకటియు శూన్యము కాదు.