ముడి ఎక్కడ, పొట్ట ఎక్కడ?



వీణ తీగ మీటితే తీగంతా ఒక్కలాగే ఊగుతున్నట్టు కంటికి కనిపిస్తుంది. నిజానికి అలా ఊగదు. రెండు కొసలా బిగించిన తీగ మీద అలలు ఇటునుంచి అటు పోయి, కొసను తాకి, మళ్ళీ వెనక్కి వస్తాయి. పోయే అల, వచ్చే అల కలిసినప్పుడు కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి, కొన్ని చోట్ల ఒకదానికొకటి బలం ఇచ్చుకుంటాయి. కదలని చోటును మన తెలుగు పాఠ్యపుస్తకాలు అస్పందన స్థానం అన్నాయి, అన్నిటికన్నా ఎక్కువగా ఊగే చోటును ప్రస్పందన స్థానం అన్నాయి. మాటలు గంభీరంగానే ఉన్నాయి గాని పిల్లల నోట తిరగవు. సరిహద్దు దాటి తమిళ పుస్తకం తెరిస్తే అక్కడ 'కణు' అని ఉంటుంది. అది మన చెరకు కణుపే! ఈ విషయంలో మాత్రం పొరుగువారి మాటే నాకు నచ్చింది.

ఈ కణుపులను మొదట వెతికి పట్టినవాళ్ళ కథ పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డులో విలియం నోబుల్, థామస్ పిగట్ అనే ఇద్దరు ఒక తీగ మీద చిన్న కాగితపు ముక్కను పెట్టి చూశారు. పక్కన దానికి ఒక స్థాయి పైన శ్రుతి చేసిన మరో తీగను మోగించారు. మొదటి తీగ ఎవరూ తాకకుండానే రెండు సగాలుగా ఊగింది. కాగితం ఎక్కడ పెట్టినా ఎగిరిపడింది, సరిగ్గా నడిమధ్యన పెడితే మాత్రం కదలకుండా కూర్చుంది. జాన్ వాలిస్ అనే గణిత పండితుడు 1677లో ఈ సంగతిని అచ్చు వేయించాడు.

1701లో ఫ్రాన్సులో జోసెఫ్ సావర్ ఈ చోట్లకు పేర్లు పెట్టాడు. కదలని చోటు 'ముడి', ఊగే చోటు 'పొట్ట'. ఈ సావర్‌కు ఏడేళ్ళ దాకా మాట రాలేదు. చెవి కూడా సంగీతానికి పనికొచ్చే చెవి కాదు, స్వరాలు పోల్చాలంటే పక్కన సంగీతం తెలిసినవాళ్ళు ఉండాల్సిందే. అటువంటి మనిషి ధ్వనిశాస్త్రానికి పేరు పెట్టి పునాది వేశాడు! వినలేనిదాన్ని కాగితపు ముక్క సాయంతో కంటితో చూశాడు మరి. నేటికీ మన కాలేజీ ప్రయోగశాలల్లో సోనోమీటరు తీగ మీద పిల్లలు పెట్టేది ఆ కాగితపు ముక్కనే.

లెక్క చాలా సులువు. అరవై సెంటీమీటర్ల తీగ మూడు భాగాలుగా ఊగుతోందనుకోండి. రెండు కొసలూ ఎలాగూ ముడులే. మధ్యలో ఇరవై దగ్గర ఒకటి, నలభై దగ్గర ఒకటి వస్తాయి. పది, ముప్ఫై, యాభై దగ్గర పొట్టలు. ముడికీ ముడికీ మధ్య దూరం తరంగదైర్ఘ్యంలో సగం, ముడికీ పక్క పొట్టకూ మధ్య అందులో మళ్ళీ సగం.

తీగ మీద ముడి ఒక బిందువు. పలక మీదికి వస్తే అది గీత అవుతుంది. 1680లో రాబర్ట్ హుక్ గాజు పలక మీద పిండి చల్లి అంచును కమానుతో రాసి ఆ గీతలు చూశాడు. తరవాత జర్మనీలో క్లాడ్నీ 1787లో ఇసుకతో ఇటువంటి బొమ్మలెన్నో గీయించి పుస్తకంగా వేశాడు. ఊగే చోటు నుంచి ఇసుక ఎగిరి, కదలని చోటుకు చేరి, ముగ్గు వేసినట్టు నిలుస్తుంది. 1809లో నెపోలియన్ ఎదుట కూడా ఆయన ఈ ప్రదర్శన చేశాడు. ఈ ముగ్గులకు గణితం చెప్పినవారికి పారిస్‌లో బహుమానం ప్రకటించారు. మూడు సార్లు ప్రయత్నించి 1816లో దాన్ని గెలిచింది సోఫీ జర్మేన్, ఆడదన్న కారణంగా కాలేజీ చదువుకు నోచుకోని మనిషి.

ఇంతవరకు మన పుస్తకాల్లోనూ అక్కడక్కడా దొరుకుతుంది. దొరకనిది మృదంగం కథ.

డప్పు వంటి మామూలు చర్మాన్ని కొడితే వచ్చే స్వరాలకు లెక్క కుదరదు. మొదటి స్వరం ఒకటైతే రెండోది సుమారు 1.59 రెట్లు. అందుకే దానికి దరువే గాని శ్రుతి లేదు. మృదంగం కుడి మూత మీద చిట్టెపురాయి పొడిని అన్నంతో నూరి, పొర మీద పొర వేసి, ప్రతి పొరనూ రాయితో రుద్ది ఆరబెడతారు. ఆ నల్లటి కరణి బరువుతో స్వరాలు ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు రెట్ల వరసలో వచ్చి నిలుస్తాయి, తీగ స్వరాల్లాగా.

దీన్ని లోకానికి చెప్పినవాడు సి.వి. రామన్. 1892 నుంచి విశాఖపట్నంలో పెరిగాడు, తండ్రి అక్కడి ఏ.వి.ఎన్. కాలేజీలో అధ్యాపకుడు. 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి ఈ వాద్యాల గురించి మొదటి వ్యాసం రాశాడు. 1934లో బెంగళూరులో తానే స్థాపించిన సైన్సు అకాడమీ పత్రికలో పూర్తి వివరం ఇచ్చాడు. చర్మం మీద ఇసుక చల్లి ముడి గీతలు చూశాడు. తొమ్మిది రకాల ఊపులు కలిసి ఆ అయిదు స్వరాలలోనే ఒదిగాయని తేల్చాడు.

'నం' అనే దెబ్బను ఈసారి కచేరీలో గమనించండి. విద్వాంసుడి ఉంగరపు వేలు కరణి అంచున తేలికగా ఆని ఉంటుంది, చూపుడు వేలు అంచును కొడుతుంది. ఆనిన వేలు మొదటి స్వరాన్ని అణిచి, తానున్న చోట ముడి గీత పడేలా చేస్తుంది. కొట్టిన చోటు పొట్ట. సావర్ కాగితంతో వెతికినదాన్ని ఇక్కడ వేలే చేసి పెడుతోంది.

ఆ కరణి ఎంత మందం ఉండాలో, ఎంత వెడల్పుండాలో మొదట కనిపెట్టిన మనిషి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. చర్మం పని చేతులకు అంటుకున్న కులం వల్ల ఆ పని వాళ్ళు కచేరీ వేదికకు దూరంగానే ఉండిపోయారు. వాయించిన వారి పేర్లు చెప్పమంటే మనం వరసగా పది చెబుతాం, మూత వేసిన వారిది ఒక్కటీ రాదు. టి.ఎం. కృష్ణ 2020లో వెలువరించిన 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే ఇంగ్లీషు పుస్తకం తమిళనాడులోనూ పొరుగు రాష్ట్రాల్లోనూ ఈ కుటుంబాల వారిని పేరుపేరునా పలకరించింది. పొర వేయడం, కొట్టి వినడం, చాలకపోతే మరో పొర వేయడం: వాళ్ళ ప్రయోగశాల అంతే. మూత సిద్ధమయ్యాక చుట్టూ వేలితో తట్టి, అన్ని వైపులా ఒకే స్వరం పలికే దాకా అంచును రాయితో కొడుతూ సరిచేస్తారు.